‘డాక్టర్ సమీక్షించారు’ అన్న మాట వెనక ఎవరుంటారు?

మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావాళ్ళకి కూడా తెలియాలి కాబట్టి. మీ నాన్నగారికి కిడ్నీల పనితీరు తగ్గిందని డాక్టరు చెప్పారు. ఆహారం గురించి వెతుకుతుంటే మీకొక వ్యాసం దొరికింది. అందులో మామూలు ఉప్పు మానేసి సోడియం తక్కువగా ఉండే ఉప్పు వాడమని ఉంది. చివర ‘వైద్యపరంగా సమీక్షించినవారు: డాక్టర్ ఫలానా, ఎం.డి.’ అని ఉంది. ఇలాంటివి రాసేవాళ్ళు, దిద్దేవాళ్ళు, సమీక్షించే డాక్టర్లు అసలెవరు, ఏం చదువుకుని ఉంటారు, ఆ పేరు చూసి నమ్మేయొచ్చా అని అడిగారు. బీఫార్మసీ చదివిన మీ చెల్లెలు ఈ పనిలోకి రావచ్చా అని కూడా అడిగారు.

ఇరవై రెండేళ్ళుగా నాది ఇదే పని. మొదట కాపీ ఎడిటర్‌గా చేరాను, తర్వాత వైద్య విభాగానికి ఎడిటర్నయ్యాను. మామూలు జనం చదివే ఆరోగ్య వ్యాసాలు, కరపత్రాలు, పుస్తకాలు నా చేతుల మీదుగా వెళ్ళాయి. నేను డాక్టర్ని కాను, బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను. మీ ప్రశ్నకి జవాబు చెప్పేముందు ఆ ఉప్పు సంగతి చెప్పేస్తాను. అది రేపటి దాకా ఆగే విషయం కాదు.

సోడియం తగ్గించిన ఉప్పుల్లో చాలావాటిలో సోడియం క్లోరైడ్ కొంత తీసేసి ఆ స్థానంలో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీలు బాగున్నవాళ్ళకి, ముఖ్యంగా బీపీ ఉన్నవాళ్ళకి, అది మేలు చేయొచ్చు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళ సంగతి వేరు. ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపే పని కిడ్నీలదే. అవి సరిగ్గా పనిచేయకపోతే అది రక్తంలో పేరుకుపోతుంది, గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. పైగా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి తరచుగా రాసే రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందులు కూడా పొటాషియాన్ని కొంత పెంచుతాయి. కాబట్టి నాన్నగారిని చూసే డాక్టర్ని అడగకుండా ఆ ఉప్పు మొదలుపెట్టకండి. ఇప్పటికే వాడుతుంటే ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. ఆ వాక్యం ఒక నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ జబ్బుల నిపుణుడి, కంటపడి ఉంటే అక్కడే ఆగిపోయేవారు. కిడ్నీ రోగులతో పనిచేసే డైటీషియన్ కంటపడినా అంతే, వాళ్ళకి రోజూ ఎదురయ్యే సమస్య ఇది. అదే వాక్యాన్ని ఒక చర్మవ్యాధుల నిపుణుడు చదివితే, ‘ఉప్పు తగ్గించమంటున్నారు, మంచిదే కదా’ అనుకుని దాటిపోవచ్చు. ఆయనకి చదువు తక్కువని కాదు. ఈ ప్రమాదం ఆయన రోజువారీ పనిలో లేదు, అంతే. మీరు రాసినదాంట్లో ఆ ఎం.డి. ఏ విభాగంలోనో లేదు. మొట్టమొదట చూడాల్సింది అదే. పేరు పక్కన డిగ్రీ ఉందా అన్నదానికన్నా, ఆ చదువుకీ ఈ వ్యాసంలోని జబ్బుకీ సంబంధం ఉందా అన్నది నాకు ముఖ్యం.

ఎం.డి. అన్న రెండక్షరాలే దేశాన్ని బట్టి మారిపోతాయి. అమెరికాలో అది డాక్టరయ్యే మొదటి డిగ్రీ. అక్కడే డి.ఓ. అనే డిగ్రీ కూడా ఉంది, వాళ్ళకీ పూర్తి స్థాయి వైద్యుల లైసెన్సే ఇస్తారు. మన దగ్గర మొదటి డిగ్రీ ఎంబీబీఎస్, ఎం.డి. అంటే దాని మీద చేసే పీజీ. బ్రిటన్‌లో కూడా మొదటి డిగ్రీ ఎంబీబీఎస్ లాంటిదే, అక్కడ ఎం.డి. అంటే సాధారణంగా పరిశోధన చేసి తెచ్చుకునే పై డిగ్రీ. అంటే మూడు దేశాల నుంచి ముగ్గురు ‘ఎం.డి.’ అని రాసుకుంటే వాళ్ళ శిక్షణ మూడు రకాలుగా ఉండొచ్చు. మన దగ్గర ఎం.డి. అయినా జనరల్ మెడిసినా, ఫార్మకాలజీయా (మందుల శాస్త్రం), పాథాలజీయా (శరీరం నుంచి తీసిన ముక్కల్ని పరీక్షించి జబ్బుని గుర్తించే శాస్త్రం) అన్నది తెలియాలి. పాథాలజీ ఎం.డి. చేసినవారికి సూక్ష్మదర్శిని కింద కిడ్నీ ముక్క ఎలా కనిపిస్తుందో నాకన్నా వెయ్యి రెట్లు తెలుసు. కిడ్నీ రోగి ఇంట్లో వంట ఎలా చేసుకోవాలో చెప్పే పని వారిది కాదు.

‘డా.’ అన్న మాట ఇంకా పెద్ద గొడుగు. పీహెచ్‌డీ చేసినవారు డాక్టరే, పళ్ళ డాక్టరు డాక్టరే. చాలాచోట్ల ఫిజియోథెరపిస్టులు, వెన్నెముకని చేతులతో సర్దే కైరోప్రాక్టర్లు, నేచురోపతి చేసినవాళ్ళు కూడా పేరు ముందు అదే రాసుకుంటారు. పీహెచ్‌డీ వాళ్ళని నేను చిన్నచూపు చూడటం లేదు. అంకెల గురించి, అధ్యయనాల్లోని లోపాల గురించి నాకు నేర్పినవాళ్ళు ఎక్కువగా వాళ్ళే. కానీ రోగిని చూసిన అనుభవం ఉందా లేదా అన్నది ఆ ‘డా.’ చెప్పదు.

విభాగం రాశాక, ఆ విభాగంలో పరీక్ష పాసయ్యారా అన్నది తర్వాతి మెట్టు. అమెరికాలో ఒక్కో విభాగానికి పరీక్ష పెట్టే బోర్డు ఉంటుంది, అందులో పాసైనవాళ్ళని ‘బోర్డ్ సర్టిఫైడ్’ అంటారు. ఆ బోర్డులన్నిటినీ కలిపే సంస్థ 1933లో ఏర్పడింది, ఇప్పుడు దాని కింద 24 బోర్డులున్నాయి. చాలా బోర్డులు ఒకసారి పాసైతే చాలనవు, జ్ఞానాన్ని తాజాగా ఉంచుకుంటున్నట్టు మధ్యమధ్యలో చూపించమంటాయి. బ్రిటన్‌లో రాయల్ కాలేజీల సభ్యత్వ పరీక్షలు అలాంటివి, ఎం.ఆర్.సి.పి. అని కనిపించేది వాటిలో ఒకటి. పేరు చివర ‘ఎఫ్’తో మొదలయ్యే అక్షరాలుంటే తరచుగా ఫెలోషిప్ అని అర్థం. కొన్ని ఫెలోషిప్‌లు ఏళ్ళ తరబడి చేసిన పనికి ఇచ్చే గౌరవాలు, కొన్ని పరీక్ష రాసి తెచ్చుకునేవి, కొన్ని సభ్యత్వ రుసుము కడితే వచ్చేవి. అక్షరాల వరస పొడుగ్గా ఉందని మోసపోకండి. చాలా దేశాల్లో మెడికల్ కౌన్సిల్ రిజిస్టరు ఎవరైనా చూసుకోవచ్చు. పేరు కొడితే రిజిస్ట్రేషన్ ఉందో లేదో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. సమీక్షకుల పేర్లు నేను ఇప్పటికీ ఒకసారి అందులో చూసుకుంటాను.

ఈ రంగాన్ని నిలబెట్టిన డాక్టర్లు ఎక్కడెక్కడి నుంచి వచ్చారో చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. హార్వర్డ్ మెడికల్ స్కూలు 1975లో మామూలు పాఠకుల కోసం హెల్త్ లెటర్ మొదలుపెట్టింది. దాన్ని స్థాపించిన టిమోతీ జాన్సన్ వైద్యంలోకి రాకముందు మతబోధన చదువుకున్నవారు, తర్వాత టీవీ వార్తల్లో వైద్య విభాగానికి ఎడిటరుగా చాలా ఏళ్ళు చేశారు. కష్టమైన విషయాన్ని ఎదురుగా కూర్చున్న మనిషికి అర్థమయ్యేలా చెప్పడం ఆయన రెండు చదువుల్లోనూ ఉంది. ఇక మెర్క్ మాన్యువల్. 1899లో డాక్టర్ల కోసం 192 పేజీల చిన్న పుస్తకంగా మొదలైంది. సుమారు వందేళ్ళకి, 1997లో, అదే సమాచారాన్ని జనం భాషలోకి మార్చి ఇంట్లో చదువుకునే కూర్పు తెచ్చారు. ఆ మాన్యువల్‌కి ఎడిటరుగా పనిచేసిన మార్క్ బీర్స్ వృద్ధుల వైద్యంలో నిపుణుడు. పెద్దవయసువాళ్ళకి ఏ మందులు ఇవ్వకపోవడం మేలో చెప్పే జాబితాని 1991లో తయారుచేసింది ఆయన బృందమే, దాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. తర్వాత ఎడిటర్-ఇన్-చీఫ్ అయిన రాబర్ట్ పోర్టర్ ఎమర్జెన్సీ వైద్యుడు. అన్ని రకాల జబ్బుల గురించి ఉండే పుస్తకానికి, తలుపు తోసుకుని ఏ జబ్బు వచ్చినా చూడాల్సిన విభాగంలో పనిచేసిన మనిషి సరిపోతాడని నా అభిప్రాయం.

రోగులని దాదాపు చూడకుండానే ఎడిటరైన డాక్టర్లూ ఉన్నారు. మోరిస్ ఫిష్‌బీన్ 1912లో మెడికల్ కాలేజీ నుంచి బయటికొచ్చి, మరుసటి ఏడాదే అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో సహాయ సంపాదకుడిగా చేరారు. 1924 నుంచి 1949 దాకా ఆ పత్రికకి ప్రధాన సంపాదకుడు. ఆ సంఘం 1923లో మామూలు జనం కోసం ‘హైజియా’ అనే ఆరోగ్య పత్రిక కూడా మొదలుపెట్టింది, దాన్నీ ఆయన నడిపించారు. దొంగ వైద్యుల మీద ఆయన చేసిన పోరాటం చాలా గట్టిది. మేక గ్రంథులు అమరిస్తే మగతనం తిరిగొస్తుందని ఊదరగొట్టిన జాన్ బ్రింక్లీ లాంటివాళ్ళ బండారం ఏళ్ళ తరబడి బయటపెట్టారు. అదే మనిషి సంపాదకత్వంలో, ఆ సంఘం వైద్య పత్రిక 1933లో సిగరెట్ ప్రకటనలు వేసుకోవడం మొదలుపెట్టింది, 1953లో గానీ ఆపలేదు. ఎడిటరు డాక్టరే, తెలివైనవాడే, ధైర్యవంతుడే. డబ్బు ఎటునుంచి వస్తోందన్న ప్రశ్న మాత్రం ఆ మూడింటికీ అతీతంగా నిలబడింది. అందుకే ఏ ఆరోగ్య ప్రచురణ చూసినా, ఎవరు రాశారు అన్నదాంతో పాటు ఎవరి డబ్బుతో నడుస్తోంది అని కూడా చూస్తాను. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1998లో జనం కోసం మొదలుపెట్టిన మెడ్‌లైన్‌ప్లస్‌లో ప్రకటనలే ఉండవు, ఖర్చంతా ప్రభుత్వానిది. దానిలో ఏది చేర్చాలో ఎంచేవాళ్ళలో వైద్య గ్రంథాలయ నిపుణులు ఉంటారు. ఈ వృత్తివాళ్ళ పేరు వ్యాసాల కింద ఎప్పుడూ పడదు గానీ, ఏ ఆధారం గట్టిది, ఏది పాతబడిపోయింది అన్నది వాళ్ళంత త్వరగా పట్టుకునేవాళ్ళని నేను చూడలేదు.

ఇక ఎడిటర్ల గురించి. జనం డాక్టరు పేరే చూస్తారు గానీ, వ్యాసం ఎక్కువకాలం ఉండేది ఎడిటరు దగ్గరే. వీళ్ళు రకరకాల దారుల్లో వస్తారు. కొందరు జర్నలిజం నుంచి, కొందరు నర్సింగ్, ఫార్మసీ, పోషకాహారం చదివి, కొందరు లైఫ్ సైన్సెస్‌లో పీజీ చేసి, కొందరు భాషా సాహిత్యాలు చదివి వస్తారు. ఇది గుర్తింపు ఉన్న వృత్తే. అమెరికాలో వైద్య రచయితల సంఘం 1940లోనే పుట్టింది, అదీ కొందరు డాక్టర్ల చేతుల మీదుగా. జీవశాస్త్ర విషయాలు దిద్దే ఎడిటర్లకి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు 1991 నుంచి ఉంది. అయితే ఆ సర్టిఫికెట్లు లేని అద్భుతమైన ఎడిటర్లు నాకు తెలుసు. అలాంటివారి గురించి ఒకటి చెప్పాలి.

నేను చేరిన రెండో ఏడాది. కీళ్ళవాతం మందుల మీద ఒక కరపత్రం. మందుల పట్టికలో నాలుగో వరసలో మెథోట్రెక్సేట్. పైన ఉన్న మూడు మందులూ రోజూ వేసుకునేవి, మూడు గళ్ళలోనూ ‘రోజుకు’ అని ఉంది. రాసినవారి చెయ్యి అదే ఊపులో నాలుగో గడిలోనూ ‘రోజుకు ఒకసారి’ అని కొట్టేసింది. కీళ్ళవాతానికి ఆ మందు వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మూలుగ దెబ్బతింటుంది, నోరు పూసిపోతుంది, ఇన్ఫెక్షన్లు వచ్చి మనిషి చనిపోవచ్చు. ఆ కరపత్రాన్ని కీళ్ళవాత నిపుణుడైన పెద్ద డాక్టరు సమీక్షించి సంతకం పెట్టారు. నేనూ చదివాను. మా ఇద్దరి కళ్ళూ దాటిపోయాయి.

పట్టుకున్నది మా ప్రూఫ్ రీడరు. ఆవిడ తెలుగు ఎమ్మే, అంతకుముందు పదేళ్ళు బడిలో పాఠాలు చెప్పారు. ఆ మందు పేరు ఆవిడకి పలకడమే కష్టం. కానీ అంకె ఉన్న ప్రతి గడినీ మందు పెట్టెలో వచ్చే కాగితంతో పోల్చి చూడకుండా వదిలేవారు కాదు. ఎర్ర పెన్నుతో ఆ గడి చుట్టూ గీసి పక్కన ‘కాగితంలో వారానికి అని ఉంది, ఏది నిజం?’ అని రాసి నా బల్ల మీద పెట్టారు. నా చేతులు చల్లబడిపోయాయి. ఆ డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అన్నారు, ‘నాకు తెలిసిందే అక్కడ రాసుందనుకుని చదివేశానమ్మా’ అని.

ఆ మాటని నేను ఎప్పుడూ మర్చిపోలేదు. విషయం బాగా తెలిసినవాడి కన్ను తప్పుని తనంతట తనే సరిచేసుకుని ముందుకెళ్ళిపోతుంది. తెలియనివాడు ప్రతి మాటా ఆగి చదువుతాడు, ఎందుకంటే ఊహించుకోవడానికి అతని దగ్గర ఏమీ లేదు. అందుకని మంచి ఆరోగ్య ప్రచురణలో ఇద్దరూ కావాలి. ఆ రోజు తర్వాత మా దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆ మందు గురించి రాసినప్పుడల్లా ‘వారానికి ఒకసారి, ఫలానా రోజున’ అని రాయాలి, రోజు పేరుని పాఠకులు డాక్టర్ని అడిగి రాసుకోవడానికి ఖాళీ వదలాలి. ‘రోజూ వేసుకోకూడదు’ అని విడిగా ఇంకో వాక్యం ఉండాలి. మైక్రోగ్రాముకి గ్రీకు అక్షరం వాడకుండా పూర్తి మాట రాయాలి, ఎందుకంటే ఆ అక్షరం చెరిగితే మిల్లీగ్రాములా కనిపిస్తుంది, మోతాదు వెయ్యి రెట్లవుతుంది. 5 అని రాయాల్సిన చోట 5.0 అని రాయకూడదు, చుక్క కనపడకపోతే అది 50. ఇవన్నీ ఆస్పత్రుల్లో ఎప్పటినుంచో ఉన్న జాగ్రత్తలే. వాటిని ప్రచురణలోకి తెచ్చేది నర్సింగ్, ఫార్మసీ నుంచి వచ్చిన ఎడిటర్లు.

భాష నుంచి వచ్చిన ఎడిటర్లు చేసే మేలు ఇంకోరకం. ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అని మనం ఎన్నిటికి అంటాం! గది గిర్రున తిరుగుతున్నట్టుంటే అదే మాట. లేచి నిలబడగానే కళ్ళముందు చీకట్లు కమ్మితే అదే మాట. తిండి లేక నీరసంగా తూలినా అదే. డాక్టరుకి ఇవి మూడు వేరు వేరు విషయాలు. మొదటిదానికి చెవి లోపలి భాగం చూడాలి, రెండోదానికి బీపీ చూడాలి, షుగరుకి మందులు వాడేవాళ్ళలో మూడోదానికి వెంటనే రక్తంలో చక్కెర చూడాలి. డాక్టరు రాసిన ఇంగ్లిషు మూలంలో మూడు పదాలుంటే, అనువాదంలో మూడూ ‘కళ్ళు తిరగడం’ అయిపోతాయి. ఆ తేడాని మళ్ళీ విడదీసి, ‘తిరుగుతున్నది మీరా, గదా?’ అని పాఠకుడిని అడిగేలా రాయడానికి భాష మీద పట్టున్నవాళ్ళు కావాలి. ‘పాజిటివ్’ కూడా అలాంటిదే. రిపోర్టు పాజిటివ్ వచ్చిందంటే అంతా బాగుందని సంతోషపడి మందు ఆపేసినవాళ్ళ గురించి విన్నాను. అప్పటినుంచి నేను ఆ మాట రాస్తే వెంటనే ‘అంటే జబ్బు ఉన్నట్టు తేలింది’ అని కలుపుతాను. గుండెనొప్పి మీద రాసేటప్పుడు ‘గ్యాస్ పట్టేసినట్టు ఉండొచ్చు’ అన్న మాట చేర్చాలని పట్టుబట్టింది కూడా ఒక జర్నలిస్టే. పైపొట్టలో మంట, ఛాతీలో బరువు వస్తే జనం మొదట అనుకునేది గ్యాసనే. ఆ మాట లేకపోతే ఆ పేజీ తమ గురించే అని వాళ్ళకి తట్టదు.

అంకెలకి మూడో రకం చదువు కావాలి. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో అధికారులు ఒక హెచ్చరిక చేశారు. కొత్తరకం గర్భనిరోధక మాత్రలు వాడితే రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపవుతుందని. పత్రికలు రెట్టింపు అనే రాశాయి. అది నిజమే. కానీ ఎంతలో రెట్టింపు? సుమారు 7000 మందిలో ఒకరికి జరిగేది ఇద్దరికి జరుగుతుందని. ఆ సంగతి చాలామందికి చేరలేదు. భయపడి చాలామంది మాత్రలు మానేశారు, ఆ మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో అబార్షన్లు సుమారు 13 వేలు పెరిగాయని అంచనా. గర్భం వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ మాత్రల వల్ల వచ్చేదానికన్నా ఎక్కువ. అక్కడ తప్పు వైద్యంలో లేదు, అంకె చెప్పిన తీరులో ఉంది. ఎపిడెమియాలజీయో (జనంలో జబ్బులు ఎవరికి, ఎంతమందికి వస్తాయో లెక్కగట్టే శాస్త్రం), స్టాటిస్టిక్సో చదివిన మనిషి ఒక్కరు ఆఫీసులో ఉంటే ‘ఎంతమందిలో?’ అని అడుగుతారు. ఆరోగ్య వార్తలో శాతం మాత్రమే ఉండి, అసలు సంఖ్య లేకపోతే అక్కడ అలాంటివాళ్ళు లేరని నాకు అర్థమైపోతుంది.

ఒక్క డాక్టరు మాట మీద, ఆయన ఎంత గొప్పవాడైనా, అంతా నిలబెట్టకూడదని నేర్పిన అనుభవం ఇంకోటుంది. బెంజమిన్ స్పాక్ పిల్లల డాక్టరు, మనోవిశ్లేషణలో కూడా శిక్షణ పొందినవారు. 1946లో వచ్చిన ఆయన శిశు సంరక్షణ పుస్తకాన్ని లక్షలాది తల్లులు నమ్మారు, అందులో ప్రేమగా చెప్పిన మంచి మాటలు చాలా ఉన్నాయి. కానీ 1950ల కూర్పుల్లో పసిపాపల్ని బోర్లా పడుకోబెట్టమన్న సలహా చేరింది. కక్కుకుంటే ఊపిరాడదేమోనన్న భయం దాని వెనక ఉంది. వినడానికి సబబుగానే ఉంటుంది. తర్వాత అధ్యయనాలు పోగయ్యేకొద్దీ, బోర్లా పడుకున్న పిల్లల్లోనే నిద్రలో హఠాత్తుగా చనిపోవడం ఎక్కువని తేలింది. బ్రిటన్‌లో 1991లో, అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలయ్యాక ఆ మరణాలు సగానికి సగం తగ్గిపోయాయి. అందుకే సమీక్షించే డాక్టరుని నేను మొదట అడిగేది ఇదే: ‘ఇది మీ అనుభవమా, ఎక్కడైనా లెక్క తేలిందా?’ అని. మంచి డాక్టర్లు ఆ ప్రశ్నకి కోపం తెచ్చుకోరు. 1993లో మొదలైన కాక్రేన్ సంస్థ ఒక్కో ప్రశ్న మీద జరిగిన అధ్యయనాల్ని పోగుచేసి ఆ లెక్కల్నే వడపోసి పెడుతుంది. అలా చేసిన ప్రతి సమీక్షకీ మామూలు మాటల్లో సారాంశం ఇస్తుంది కాబట్టి మీరు కూడా చదువుకోవచ్చు.

ఇంత చెప్పాక, చెడ్డ పద్ధతి ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. ఒకచోట కొన్నాళ్ళు పనిచేశాను, పేరు అక్కర్లేదు. అక్కడ సమీక్ష అంటే నెలాఖరున ఒక డాక్టరుకి నలభై వ్యాసాలు ఒకేసారి పంపడం. మధ్యాహ్నం పంపితే సాయంత్రానికి ‘అన్నీ ఓకే’ అని జవాబు వచ్చేది. ఒక్క కామా కూడా మారేది కాదు. నలభైలో చర్మం ఉండేది, కిడ్నీ ఉండేది, గర్భిణుల ఆహారం ఉండేది, కింద మాత్రం ఒకటే పేరు. నేను గొడవపడ్డాను, విననప్పుడు మానేశాను. నిజంగా జరిగే సమీక్ష అలా ఉండదు. డాక్టరు దగ్గర నుంచి తిరిగొచ్చిన కాగితం గీతలతో, ప్రశ్నలతో నిండి ఉంటుంది. ‘ఈ మందు గర్భిణులకి ఇవ్వరు, చెప్పలేదేం?’, ‘ఈ మార్గదర్శకం పోయినేడు మారింది’, ‘ఇంత ధీమాగా చెప్పకండి’ అని ఉంటుంది. ఎడిటరు వాటిలో కొన్నిటికి ఎదురు చెబుతాడు, ‘ఇలా రాస్తే చదివేవాళ్ళకి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు’ అంటాడు. రెండు మూడుసార్లు అటూ ఇటూ తిరుగుతుంది. చిన్న వ్యాసానికే వారం పడుతుంది.

బయటి నుంచి చూసే మీకు ఆ కాగితాలు కనపడవు. కనపడేవి కొన్నున్నాయి. సమీక్షకుడి పేరు మీద నొక్కితే ఆయన విభాగం, ఎక్కడ చదివారు, ఇప్పుడు రోగుల్ని చూస్తున్నారా అన్నది ఉండాలి. అదే పేరు అన్ని జబ్బుల వ్యాసాల కిందా ఉంటే అనుమానించండి. సమీక్షించిన తేదీ ఉండాలి. తేదీ మాత్రమే కొత్తదై, లోపలి ఆధారాలన్నీ పదేళ్ళ నాటివైతే ఆ తేదీకి విలువ లేదు. మందుల కంపెనీలతో డబ్బు సంబంధాలుంటే చెప్పాలి. తప్పులు దిద్దుకున్నప్పుడు దిద్దామని రాసే ప్రచురణ అయితే నాకు దాని మీద గౌరవం పెరుగుతుంది. ముద్రల మీద మాత్రం ఎక్కువ ఆధారపడకండి. ఆరోగ్య వెబ్‌సైట్లకి నాణ్యత ముద్ర ఇచ్చిన జెనీవాలోని హాన్ ఫౌండేషన్ 1996లో ఎనిమిది సూత్రాలతో ఆ పని మొదలుపెట్టింది, 2022 చివర మూతపడింది. ఆ ముద్ర ఇంకా పెట్టుకుని తిరిగే వెబ్‌సైట్ కనిపిస్తే, ఆ పేజీని ఎవరూ చూసుకోవడం లేదన్నమాట.

మీ చెల్లెలి సంగతి. బీఫార్మసీ ఈ పనికి చాలా మంచి పునాది. మోతాదులు, మందుల మధ్య పొంతన కుదరకపోవడం, దుష్ఫలితాలు ఆమెకి ఇప్పటికే తెలుసు, మెథోట్రెక్సేట్ లాంటి గడిని ఆమె చప్పున పట్టుకుంటుంది. నేర్చుకోవాల్సింది రెండు. ఒకటి, అధ్యయనాన్ని చదవడం. ఎంతమంది మీద చేశారు, దేనితో పోల్చారు అని చూడటం అలవాటవ్వాలి. రెండోది, రాయడం. ఒక మందు కాగితం తీసుకుని, ఏడో తరగతి పిల్లవాడికి అర్థమయ్యేలా ఒక పేజీలో రాయమనండి. రాశాక దాన్ని ఇంట్లో పెద్దవాళ్ళకిచ్చి ‘ఏం అర్థమైంది, ఇప్పుడేం చేస్తావు?’ అని అడగమనండి. ‘అర్థమైందా?’ అని అడగొద్దు, అందరూ అర్థమైందనే అంటారు. ఇలాంటివి పది రాస్తే, ఉద్యోగానికి వెళ్ళినప్పుడు చూపించడానికి డిగ్రీ కన్నా అవే పనికొస్తాయి.

చివరిగా, మీరు చదివిన ఆ వ్యాసం వాళ్ళకి ఉత్తరం రాయండి. నిందించక్కర్లేదు. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసి, ‘ఇందులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది కదా, కిడ్నీ రోగులకి ఇది సరేనా? సమీక్షించినవారి విభాగం ఏమిటి?’ అని అడగండి, చాలు. బాధ్యత ఉన్న ఎడిటరైతే ఆ ఉత్తరం చూడగానే మిగతా పని పక్కన పెట్టి నెఫ్రాలజిస్టుకి ఫోన్ చేస్తారు. నేనైతే చేస్తాను. రెండు వారాల్లో ఆ వాక్యం మారకపోతే, జవాబూ రాకపోతే, ఆ ప్రచురణలో మీ నాన్నగారి కోసం ఇంకేదీ వెతకకండి. ఈలోగా ఆ ఉప్పు ప్యాకెట్ వెనకవైపు ఫోటో తీసుకుని, పొటాషియం విలువ ఉన్న చివరి రక్తపరీక్ష రిపోర్టుతో పాటు నాన్నగారి డాక్టరుకి చూపించండి.